కండక్టరమ్మ పొడి

మా వదిన పొడి తిని చచ్చిపోలేదు. ముందు ఈ మాట రాసేసి, ఆ తర్వాత మిగతా సంగతులకు వస్తాను. హైవే దాటుతుంటే ఎదురుదారిలో వచ్చిన మోటారుసైకిలు గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళంతా చూశారు. అయినా పొద్దుగూకేసరికి మా వీధిలో ఇంకో కథ తయారైపోయింది. పొడి తినీ తినీ కళ్ళు తిరిగాయట, తిరిగి రోడ్డు మీద పడిందట, పడ్డాక బండి వచ్చిందట. కళ్ళారా చూసినవాళ్ళే ఆ కథని ఎక్కువ నమ్మారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు, దిగకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను.

ఆ పొడి డబ్బా ఇప్పుడు మా వంటింట్లో ఆవాలకి పనికొస్తోంది. నల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద చొక్కా లేని మగాడొకడు కండలు బిగించి నిలబడి ఉంటాడు. కొన్న రోజున వదిన దాన్ని గట్టు మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ఆ బొమ్మని ఎగాదిగా చూసింది. "సొక్కా లేకుండా నా వంటింట్లో ఏటిరా నీ పని?" అని అడిగింది. పెట్టెలోంచి తన పాత యూనిఫారం తీసి, ఓ ఖాకీ ముక్క కత్తిరించి, డబ్బా చుట్టూ బిగించి కుట్టేసింది. ఆ గుడ్డ ఇప్పటికీ అలాగే ఉంది. పోపు పెట్టినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

ఆవిడ మా ఆయనకి అక్క, మా వైపు మాటలో అప్ప. బస్సు కండక్టరుగా చేసి రిటైరై, మాతోనే ఉండేది. ఊళ్ళో ఆవిడ పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ కండక్టరమ్మే. పెళ్ళైన కొత్తలోనే అత్తారింటి నుంచి వచ్చేసింది. ఎందుకు వచ్చేశావని అడిగే ధైర్యం మా అత్తగారికే లేకపోయింది, ఇక నాకెక్కడిది. నిలబడితే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేది. గోడకి ఆనుకోవడం, గుమ్మం పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. జనంలో నడిచేటప్పుడు "జరగండి, జరగండి" అంటూ మోచేత్తో దారి చేసుకునేది. గుళ్ళో కూడా అంతే. ఎవరైనా సోది మొదలుపెడితే కాసేపు విని, "నీ స్టాపొచ్చింది, దిగు" అనేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాట నాకు రోజూ పడేది. ఆడపడుచు అంటే ఎలా ఉంటుందని మా అమ్మ నన్ను భయపెట్టిందో, అంతకు రెండాకులు ఎక్కువే చదివిన మనిషి.

మాది ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలు, చోడిచేలు. మా అమ్మవారి పండగకి ఘటం ఎత్తేది మా ఇంటి ఆడపడుచే, తాతల నాటి నుంచీ అంతే. ఘటమంటే ఇత్తడి బిందె. దాన్ని తలకెత్తుకుని ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వెళ్ళాలి. గుమ్మం ముందు ఆ ఇంటి ఆడవాళ్ళు కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. ఆ తర్వాత ఘటంలో గరిటెడు చోడంబలి, అంటే రాగి అంబలి, పోస్తారు. వాళ్ళకి అందడానికి ఘటం ఎత్తిన మనిషి తల వంచకుండా, నడుం వంచకుండా, మోకాళ్ళు మడిచి సగం కూర్చోవాలి. పోశాక లేవాలి. చెయ్యి వేసి ఎవరూ లేపకూడదు. ఇల్లిల్లూ తిరిగేకొద్దీ ఘటం బరువెక్కుతుంది, కాళ్ళు అలిసిపోతాయి. ఇన్నేళ్ళూ ఆవిడ అది ఆడుతూ పాడుతూ చేసింది.

రిటైరైన తర్వాత వచ్చిన పండగలో, ఆఖరి వీధిలో, ఒక గుమ్మం ముందు కూర్చుంది గానీ లేవలేకపోయింది. తొడలు వణకడం పసుపు తడిసిన చీరలోంచి నాకు కనబడుతోంది. డప్పులు మోగుతూనే ఉన్నాయి. మా ఆయన గభాలున వెళ్ళి మోచెయ్యి కింద చెయ్యి వేసి లేపారు.  గుడి దగ్గర ఘటం దింపాక, మా ఆయనకి వరసకి పెదనాన్న అయ్యే పెద్దాయన, ఊళ్ళో ఇలాంటివన్నీ తేల్చే మనిషి, వచ్చే పండగకి తమ ఇంటి ఆడపిల్ల ఎత్తుతుందని మెల్లగా అన్నాడు. వయసైపోయింది కదమ్మా, ఇంకెంతకాలం అని బుజ్జగించాడు. వదిన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా ఆయనతో ఒక మాట అంది. "ఇంకెప్పుడూ నా మీద సెయ్యెయ్యకురా. పడితే పడనీ."

ఆ వారమే టౌనులో జిమ్ముకి వెళ్ళింది. అక్కడ అందరూ పాతికేళ్ళలోపు వాళ్ళు, గోడల నిండా అద్దాలు. జిమ్ము నడిపే రమణ ఈవిడ చీరకట్టూ, నెరిసిన జుట్టూ చూసి, గౌరవంగా ట్రెడ్‌మిల్లు చూపించాడట. "నడక నాకొచ్చు బాబూ. లెగడం నేర్పు" అందట. ఆ మాట రమణ ఇప్పటికీ అందరికీ చెబుతాడు. కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేవడంతో మొదలుపెట్టించాడు. తర్వాత చేతుల్లో డంబెల్లు, ఆ తర్వాత భుజాల మీద రాడ్డు. చీర పోయి, నైట్ ప్యాంటు మీద పొడుగు చొక్కా వచ్చింది. మా వీధి నవ్వింది. నేనూ నవ్వాను, దానికి సిగ్గేమీ పడను, చూసి తీరాల్సిన వేషం అది.

కొన్ని నెలలు గడిచాక ఎత్తే బరువు ఒకచోట ఆగిపోయింది. అప్పుడు రమణ, కండకి బలమిచ్చే క్రియేటిన్ అనే పొడి గురించి చెప్పాడు. అయితే వాడూ ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానం కుర్రాడే, వాళ్ళ నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. అందుకని ముందు కిడ్నీ పరీక్ష చేయించుకుని కాగితం తెస్తేనే డబ్బా మాట అన్నాడు. చేయించుకుంది, బాగానే ఉంది. అప్పుడు వచ్చాడు మా వంటింట్లోకి చొక్కా లేనివాడు.

ఆవిడ పొడి తీసుకోవడం చూసి తీరాల్సిందే. పొద్దున్న జిమ్ము నుంచి వచ్చి, స్నానం చేసి, చిన్న స్టీలు చెంచా డబ్బాలో ముంచేది. శిఖరంలా వచ్చిన పొడిని బొటనవేలితో గీసి డబ్బాలోకే రాల్చేసేది. చెంచా అంచుకి సమంగా, నాలుగైదు గ్రాములు, అంతే. గోరువెచ్చటి నీళ్ళలో వేసి, గిరగిరా తిప్పి, నిలబడే తాగేది. గ్లాసు అడుగున ఇసకలా మిగిలిన దాన్ని ఇంకాసిని నీళ్ళు పోసి అదీ తాగేది. జిమ్ముకి సెలవు రోజు కూడా మానేది కాదు. రోజంతా నీళ్ళు తాగడం కూడా అప్పుడే అలవాటు చేసుకుంది. బస్సులో పనిచేసినన్నాళ్ళూ ఒంటేలుకి దిగే చోటు దొరకదని నీళ్ళు తాగకుండా బతికిన మనిషి.

మొదట్లో ఒక తప్పు చేసింది. మా ఇళ్ళలో ఏదైనా ముందురోజే నానబెట్టి పులియబెట్టడం అలవాటు. ఆవిడా అలాగే, సాయంత్రమే పొడి తెచ్చి పులిసిన చోడంబలి కుండలో కలిపేసింది. పొద్దున్నే ఆ కుండలోంచే నేనూ తాగాను, మా ఆయనా తాగారు. కొన్నాళ్ళు అలా సాగింది. రమణకి చెబితే తల పట్టుకున్నాడట. పులుపులో నానబెట్టి ఉంచితే పొడి సత్తువ పోతుందని, కలిపిన వెంటనే తాగేయాలని చెప్పాడట. సంగతి తెలిసి మా ఆయన మంచం మీద కూర్చుని నడుం రెండు వైపులా కిడ్నీలు తడుముకున్నారు. వదిన పకపకా నవ్వింది. "నీకేటవ్వదురా. బరువెత్తకుండా తాగినోడికి అది ఉత్త నీళ్ళే" అంది.

ఊళ్ళో కుర్రాళ్ళు ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. బేగి కండ రావాలని మొదటివారం నాలుగైదు రెట్లు మింగి, కడుపు పట్టుకుని తిరిగేవాళ్ళు. వాళ్ళకి ఆవిడ చెప్పే పాఠం ఒకటే. "బస్సులో సీట్లెన్ని ఉన్నాయో అంతమందే కూకుంటారు. సీట్లు నిండినాక ఎక్కినోడు తరవాత స్టాపులో దిగిపోతాడు. దినానికో సెంచా ఎయ్యి, నెల తిరక్కుండా అయ్యే నిండుతాయి. నిండినాక కాలీ అవ్వకుండా సూసుకో, సాలు." ఎవరైనా రంగు రంగుల, రుచుల డబ్బా తెస్తే వెనక్కి తిప్పి చదివేది. క్రియేటిన్ మోనోహైడ్రేట్ తప్ప ఇంకేమైనా కలిసిందంటే పెదవి విరిచేది. ఎదురింటి రైతొకడు, కిడ్నీ జబ్బుకి మందులు వాడుతున్నవాడు, నీరసంగా ఉంది, నాకూ ఓ చెంచా ఇవ్వమ్మా అని వచ్చాడు. ఆ రోజు మాత్రం ఆవిడ నవ్వలేదు. డాక్టరు చెబితే తప్ప నువ్వు దీని వాసన కూడా చూడకూడదని చెప్పి, డబ్బా తీసుకెళ్ళి లోపల బీరువాలో పెట్టింది.

ఇక అసలు గొడవకి వస్తాను. పండగ రెండు నెలల్లోకి వచ్చింది. మా ఊళ్ళో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. మా వైపు అది మామూలే. సంతకం రాని ముసలమ్మకి కూడా, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే మాట తెలుసు, ఎంత దాటితే భయపడాలో తెలుసు. అందరూ వెళ్ళారు, వదినా వెళ్ళింది. ఆ ముందురోజు జిమ్ములో బాగా బరువెత్తి, ఇంటికొచ్చి వేటమాంసం తిన్నది. పొడి సంగతి క్యాంపులో వాళ్ళకి చెప్పలేదు. కాగితం వచ్చింది. క్రియాటినిన్ గీత దాటింది.

మా ప్రాంతంలో ఆ గీత దాటిన మనిషిని చూడటానికి జనం వచ్చే తీరు ఒకటుంది. అరటిపళ్ళు తెస్తారు. గట్టిగా మాట్లాడరు. కూర్చున్నాక, మాటల్లో పెట్టి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి చూస్తారు. సొట్ట పడి అలాగే ఉండిపోతే నీరు పట్టినట్టు. మూడు తరాలుగా అలా నొక్కి నొక్కి, మా వాళ్ళ బొటనవేళ్ళకి అది వచ్చేసింది. వదిన కాలు నొక్కితే సొట్ట పడలేదు, పిక్క రాయిలా ఉంది. అది చూసి కూడా వాళ్ళ మొహాలు తేలికపడలేదు. "నొక్కండమ్మా, బాగా నొక్కండి. టికెట్టు లేదు" అంటూ ఆవిడ రెండో కాలు కూడా చాపేది.

అందరికంటే ముందు బెదిరిపోయింది మా ఆయనే. వాళ్ళ నాన్నని ఆ జబ్బుకే పోగొట్టుకున్న మనిషి. అక్కకి చెప్పకుండా పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఘటం ఈసారి మీ ఇంటికే ఇచ్చేస్తామని మాట ఇచ్చి వచ్చేశారు. పెద్దాయన మరునాడు మాట ఖాయం చేసుకోడానికి తాంబూలంతో వచ్చి వసారాలో కూర్చున్నాడు. వదిన వంటింట్లోంచి విని, తడిచేతులతో బయటికొచ్చి, ఆయన ఎదురుగా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, పక్కనున్న తమ్ముడిని అడిగింది.

"ఒరే, నన్ను అడక్కుండా నా ఘటం ఎవలికిచ్చినావు?"

మా ఆయన తల ఎత్తలేదు. నీకోసమే అప్పా, నాన్నలాగ నువ్వూ పోతే నేనేమైపోవాలి అన్నారు.  వదిన తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"తప్పు నాదే," అంది. "కూరలో ఉప్పేసుకున్నట్టు రోజూ ఏసుకుంటన్నాను, అదొకటి సెప్పాలని కేంపులో తట్టనేదు. ఆ పొడి ఒంట్లో అరిగినాక ఆ క్రియాటినినే అవుతాదని రమణ మొదట్లోనే సెప్పినాడు. కండున్నోళ్ళకి, బరువెత్తినోళ్ళకి అది ఎక్కువుంటాది. కిడ్నీ పాడై పెరిగిందా, పొడి వల్ల పెరిగిందా, తేల్చుకోడానికి దారున్నాది. తేల్చుకుంటాను. పాడైందని తేలితే పొడీ మానేస్తాను, ఘటమూ నా సేత్తో తెచ్చి మీ గుమ్మంలో ఎడతాను. తేలకుండా ఆ తాంబూలం ఈ ఇంట్లో ఎవలూ ముట్టుకోరు."

పెద్దాయన తాంబూలం పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. నేను ఆ వసారా స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ పక్షాన నేను మనసులో నిలబడటం అదే మొదటిసారి.

శ్రీకాకుళంలో కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. డబ్బా ఖాకీతో సహా సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నవ్వలేదు, కసరనూ లేదు. చెంచా ఎంత, ఎన్నాళ్ళ నుంచి, బరువులెంత, మాంసం ఎప్పుడు తిన్నారు, అన్నీ అడిగింది. పొడి ఆపి, జిమ్ము ఆపి, కొన్ని వారాలయ్యాక మళ్ళీ రమ్మంది. అప్పుడు మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూస్తామని, కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష కూడా చేయిస్తామని చెప్పింది. పండగ నెత్తి మీదికి వస్తోంది. జిమ్ము ఆపితే కాళ్ళు ఏమవుతాయోనని నాకే గుబులు పుట్టింది. వదిన మాత్రం డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది. డబ్బాకి మూత బిగించి నా చేతికిచ్చింది. ఆ వారాల్లో ఆవిడ ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది, మమ్మల్నందర్నీ సాధించింది. కానీ చెంచా ముట్టుకోలేదు.

మళ్ళీ చేసిన పరీక్షల్లో అన్నీ బాగానే వచ్చాయి. రక్తంలో అది గీత కిందికి దిగింది, మిగతా వాటిలో దోషం లేదు. పొడి వేసుకోవచ్చని, నీళ్ళు మానొద్దని, ఉద్దానం మనిషివి కాబట్టి ఏడాదికోసారైనా వచ్చి చూపించుకోవాలని, ఏ పరీక్షకి వెళ్ళినా పొడి సంగతి ముందు చెప్పాలని డాక్టరమ్మ చెప్పింది. బస్సులో వస్తూ వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడం చూసి నేను ఏమీ అడగలేదు. అడిగితే నా స్టాపు రాకుండానే దింపేసేది.

ఆ కాగితాలు మా ఆయన ఊరంతా తిప్పారు. ఊరు చూసింది, నమ్మలేదు. మా ఊళ్ళో చెడ్డ కాగితాన్ని నమ్మినంతగా మంచి కాగితాన్ని నమ్మరు. పోగొట్టుకున్నవాళ్ళు అంతమంది ఉన్న ఊరు, వాళ్ళననీ లాభం లేదు.

పండగనాడు ఘటం ఆవిడే ఎత్తింది. ప్రతి గుమ్మంలోనూ పసుపునీళ్ళు పోసే చేతులు ఆవిడ చీలమండ మీద ఒక్క క్షణం ఆగి, బొటనవేలితో నొక్కి చూశాయి. తల మీద ఘటంతో ఆవిడ కదలకుండా నొక్కనిచ్చింది. కూర్చుంది, లేచింది. ఇంకో గుమ్మం. కూర్చుంది, లేచింది. చేతులు నడుం మీదే ఉన్నాయి. ఆఖరి వీధిలో పెద్దాయన ఇల్లు. వాళ్ళావిడ కాళ్ళు కడిగి, గరిటెలో అడుగున కాస్త అంబలి తీసింది. జాలిపడి తీసిందో, ఆయన చెబితే తీసిందో నాకు తెలియదు. వదిన అప్పటికే సగం కూర్చుని ఉంది. ఘటం నిండడానికి వచ్చింది, మెడనరాలు తేలి ఉన్నాయి.

"గరిటి నిండా పొయ్యండి," అంది.

పెద్దావిడ భర్త వైపు చూసింది.  వదిన అలా సగం కూర్చునే ఉంది, కళ్ళు ఎదురుగా పెట్టి. డప్పువాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు. పెద్దావిడ లోపలికి వెళ్ళి గరిటె నిండా తెచ్చి పోసింది. అప్పుడు లేచింది మా వదిన. ఎక్కడా వణకలేదు. మా ఆయన వెనక్కి తిరిగి మొహం కండువాతో కప్పుకున్నారు.

ఆ పండగ తర్వాత నేనూ కిడ్నీ పరీక్ష చేయించుకుని ఆవిడ వెనకాల జిమ్ముకి వెళ్ళడం మొదలుపెట్టాను. మా వీధి రెండోసారి నవ్వింది. చెంచా గీయడం నాకు చేతకాదని రోజూ తిట్టేది. నా బొటనవేలు వంకర అనేది. ఇప్పుడు నేనే గీసుకుంటున్నాను, తిట్టేవాళ్ళు లేరు. వంటింట్లో అదే పెద్ద లోటు.

పెద్దకర్మం రోజున ఆవిడకి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టాం. చోడంబలి, ఎండుచేపల పులుసు, మొక్కజొన్న పొత్తు. నేను గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, ఖాకీ డబ్బా తీసి, చెంచా గీసి, కలిపి ఆకు పక్కన పెట్టాను. పెద్దాయన చూశాడు. మనిషిని తినేసిన ఆ విషం ఇక్కడెందుకమ్మా అన్నాడు. నలుగురూ తలలూపారు. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అనేశాడు, ఈ ఇంట్లో ఇక ఆడపడుచు లేదు కాబట్టి ఘటం తమ ఇంటికి వస్తుందని. మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో వద్దని లేదు.

నేను వంగి ఆ గ్లాసు తీసుకున్నాను. అందరి ముందూ నిలబడే తాగాను. అడుగున మిగిలిన దాంట్లో నీళ్ళు పోసి అదీ తాగాను. నా కాళ్ళు ఎడంగా ఉన్నాయని అప్పుడే గమనించాను.

"ఆడపడుచు లేకపోతే కోడలున్నాది, పెదమావా," అన్నాను. "కోడలు ఎత్తకూడదని అమ్మవారు మీతో సెప్పిందేటి? పండగనాడు మీ గుమ్మం కాడికి వస్తాను. కూకుంటాను, లెగుతాను. గరిటి నిండా పొయ్యమనండి."

ఆ డబ్బా అయిపోయి ఆవాలకి వచ్చింది. కొత్తది నిన్ననే తెచ్చాను. దాని మీద కూడా చొక్కా లేనివాడే ఉన్నాడు. పెట్టెలో యూనిఫారం గుడ్డ ఇంకా చాలా ఉంది.